మద్యం మానాలనుకునేవారు తోటివారి సమావేశాన్ని వెతుక్కుని చేరడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి

మన రెండు జిల్లాల్లో తాగుడు మానాలనుకునే మనిషికి ఇంటివాళ్లు మొదట చెప్పేది ఒట్టు, ఆ తరువాత మాల, అదీ కుదరకపోతే ఎవరో చెప్పిన పసరు మందు. ఈ మూడూ మనిషి ఒంటరిగా మోయవలసినవే. ఇదివరకు తాగి మానినవారూ, మానాలని తంటాలు పడుతున్నవారూ వారానికి ఒకటి రెండుసార్లు ఒక గదిలో కూర్చుని తమ సంగతులు ఒకరికొకరు చెప్పుకునే సమావేశాలు ఉన్నాయనీ, వాటికి రుసుము లేదనీ చాలామందికి తెలియదు. విన్నవారికి కూడా అది ఎక్కడ జరుగుతుందో ఎలా కనుక్కోవాలో, వెళ్లాక ఏం చేయాలో తెలియక ఆగిపోతారు. ఆ రెండు విషయాలూ వివరంగా చెప్పడమే ఈ వ్యాసం పని.

ఈ సమావేశాల్లో అన్నిటికంటే విస్తరించినది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవారే, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో ఇది మొదలైంది. మన దేశంలో 1950ల నుంచి ఉంది. ఇందులో చేరడానికి ఉన్న ఒకే ఒక్క అర్హత తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలన్న షరతు లేదు. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ‘ముందు ఒక నెల మానేసి, మొహం కాస్త తేటపడ్డాక వెళ్తాను’ అని వాయిదా వేసుకున్నవారిలో చాలామంది ఆ నెల దాటలేకనే ఆగిపోతారు. ఇక పనిచేస్తుందా అని అడిగేవారికి: 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా మనుషుల వివరాలను కలిపి పరిశీలించి, మద్యం పూర్తిగా మాని ఉండే విషయంలో ఏఏ, ఏఏకు దారి చూపే చికిత్సలు ఇతర పేరున్న చికిత్సలతో సమానంగానో, కొన్నిచోట్ల మెరుగ్గానో పనిచేస్తున్నాయని తేల్చింది.

సమావేశానికి ముందు శరీరం సంగతి

రోజూ తాగేవారు, అందులోనూ ఉదయం లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగాని కుదుటపడనివారు, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేయకూడదు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, గుండె దడ, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేని మనుషులు కనిపించి, లేని మాటలు వినిపిస్తాయి. ఊళ్లో దీన్ని గాలి సోకిందనో, దెయ్యం పట్టిందనో అనుకుని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతుంటారు. ఇది ప్రాణం తీయగల స్థితి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాబట్టి మొదటి మెట్టు డాక్టరు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లి, రోజుకు ఎంత తాగుతున్నారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో, చివరిసారి ఎప్పుడు తాగారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. క్వార్టరు తాగి ‘అప్పుడప్పుడూ ఒక పెగ్గు’ అని చెబితే మందు మోతాదు తప్పుతుంది, ఆ నష్టం మీదే. చాలాకాలం తాగినవారి ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా నీరసానికని గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడుకు ముప్పు రావచ్చు. అందుకే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకునేటప్పుడు కూడా తాగుడు అలవాటు దాచకూడదు.

ఇంటివారికి ఒక మాట. మనిషికి తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో మాత్రలు కలిపి పెట్టే పద్ధతి మన దగ్గర బాగా ఉంది. ఆ మాత్ర తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరాం అయితే, దాని మీద మద్యం పడినప్పుడు ఒళ్లంతా ఎర్రబారి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. అది డాక్టరు చెప్పి, తాగే మనిషికి తెలిసి, అతను ఒప్పుకుని వేసుకోవలసిన మందు.

మందులు వాడుతూ సమావేశాలకు వెళ్లవచ్చా అని కొందరు అడుగుతారు. తప్పకుండా వెళ్లవచ్చు. సమావేశంలో ఎవరైనా ఆ మాత్రలు ఆపేయమని చెబితే వినకండి, అది వారి పని కాదు.

ఎక్కడ జరుగుతుందో కనుక్కోవడం

ఏఏ బృందాలు సాధారణంగా బోర్డులు పెట్టవు, ప్రచారం చేసుకోవు. అందువల్ల వెతకడం కొంత ఓపికతో చేయవలసిన పని. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇండియా అని ఫోన్‌లో వెతికితే ముంబైలోని వారి సేవా కార్యాలయం వెబ్‌సైటు వస్తుంది, అందులో ఊరి పేరుతో సమావేశాలు చూసుకోవచ్చు. అక్కడ కనిపించిన చిరునామాను నమ్ముకుని నేరుగా బస్సెక్కవద్దు. గది మారి ఉండవచ్చు, రోజు మారి ఉండవచ్చు, బృందమే ఆగిపోయి ఉండవచ్చు. ఇచ్ఛాపురం నుంచో సాలూరు నుంచో అంతదూరం వచ్చి తాళం వేసిన గది చూసి వెనుదిరిగిన మనిషి మళ్లీ రెండోసారి రావడం అరుదు. అందుకని ముందు అక్కడ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయాలి.

ఫోన్‌లో ఏం మాట్లాడాలో తెలియక చాలామంది నంబరు నొక్కి కట్ చేస్తారు. ఇంత చెబితే చాలు: ‘నమస్కారమండీ, నేను రాజాం నుంచి మాట్లాడుతున్నాను. తాగుడు మానాలనుకుంటున్నాను. దగ్గరలో తెలుగులో జరిగే మీటింగ్ ఏ రోజు, ఎన్ని గంటలకు ఉంది?’ పేరు చెప్పనక్కర లేదు. అవతల ఎత్తిన మనిషి కూడా ఒకప్పుడు ఇలాగే ఫోన్ చేసినవాడే కనుక ‘బాబూ, ఇప్పుడు తాగి ఉన్నావా?’ అని అడిగితే నొచ్చుకోకండి. ఉన్నమాట చెప్పండి. ఆ ఫోన్‌లోనే ఇంకో మూడు విషయాలు అడగండి: అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా, కొత్తవారిని బస్టాండు దగ్గరో గేటు దగ్గరో కలుసుకునే వారెవరైనా ఉన్నారా, మీ ఊరివైపు నుంచి వచ్చేవారు ఉన్నారా. ఓపెన్ మీటింగుకు ఇంటివారూ, తెలుసుకోవాలనుకునేవారూ రావచ్చు. క్లోజ్డ్ మీటింగు మద్యం సమస్య ఉన్నవారికి మాత్రమే.

ఫోన్ ఎత్తకపోతే 14446కు చేయండి. అది వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయవాణి. మనసు బాగాలేనప్పుడు రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కౌన్సెలర్‌ను అడగడం మరొక మార్గం. నా ఉద్దేశంలో ఇదే అన్నిటికంటే పనికొచ్చేది, ఎందుకంటే కోలుకున్నవారు ఏ ఊరి నుంచి ఏ సమావేశానికి వెళుతున్నారో వారికి తెలిసే అవకాశం ఎక్కువ.

వెతుకుతున్నప్పుడు ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ల ప్రకటనలు ముందుగా ఎదురవుతాయి. అవి వేరు, ఇవి వేరు. ఏఏ ఎవరినీ చేర్చుకుని గదిలో ఉంచదు, ఫీజు తీసుకోదు, అడ్వాన్సు అడగదు. ఏఏ పేరు చెప్పి నెలకు ఇంత కట్టమంటే అది ఏఏ కాదు. నిజంగానే ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, ఆ కేంద్రం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదైందా అని అడిగి కాగితం చూడండి. చూపడానికి నసిగే చోట మనిషిని వదలకండి.

దూరం, తెలిసిన ముఖాలు

ఇక్కడివారికి అసలు అడ్డంకులు ఈ రెండే. దేవుడి మీద నమ్మకం, ఏఏవారు మానడానికి ఒకటొకటిగా పాటించే పన్నెండు మెట్ల మీద సందేహం లాంటివి ఆ తరువాత వస్తాయి.

మొదట దూరం. సమావేశాలు సాధారణంగా సాయంత్రం పనులు ముగిశాక మొదలై గంట, గంటన్నర నడుస్తాయి. విజయనగరంలో ఉన్నవారికి విశాఖపట్నం సమావేశం కూడా అందుబాటులోదే, రైలులో అరవై కిలోమీటర్లు. పలాస, సోంపేట వైపు వారికి మాత్రం సాయంత్రం సమావేశం అంటే తిరుగు బండి సమస్య. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అక్కడ దిగి టౌనుకు చేరడానికి మళ్లీ ఆటోనో బస్సో కావాలి. ఈ లెక్కలన్నీ వెళ్లే ముందే వేసుకోండి. చివరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, అది సమావేశం ముగియక ముందే ఉంటే ఆదివారం పగలు జరిగే సమావేశాన్ని ఎంచుకోండి. రాత్రిపూట బస్టాండులో గంటసేపు ఊరికే నిలబడటం, అదీ ఎదురుగా వైన్‌షాపు దీపాలు వెలుగుతుండగా, కొత్తగా మానినవారికి మంచిది కాదు. వారానికి ఒకసారి నేరుగా వెళ్లి, మిగిలిన రోజుల్లో ఫోన్‌లో జరిగే తెలుగు సమావేశాల్లో పాల్గొనడం దూరపు ఊళ్లవారికి కుదిరే పద్ధతి. వేటకని గుజరాత్ తీరానికో, పనికని చెన్నైకో వెళ్లే మన మత్స్యకారులకూ కూలీలకూ కూడా ఇదే దారి. అయితే ఆన్‌లైన్ ఒక్కటే చాలు అనుకోకండి. వీడియో ఆపేసి, మైకు ఆపేసి, పక్కన గ్లాసు పెట్టుకుని కూర్చునే వీలు అందులో ఉంది.

తెలిసిన ముఖాల సంగతి ఇంకొంచెం కష్టం. ఏడు రోడ్ల కూడలిలోనో మూడు లాంతర్ల దగ్గరో మనం ఎక్కడ నిలబడినా పలకరించేవారు ఉంటారు. ‘ఇటెళ్తున్నావేటి’ అని అడుగుతారు. తాగి రోడ్డున పడినప్పుడు చూసిన ఊరు, మానడానికి వెళ్తుంటే చూస్తుందేమోనని సిగ్గుపడటం చిత్రమే గాని, అది నిజమైన సిగ్గు. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. దానికి ఏర్పాట్లు ఉన్నాయి. సొంత ఊళ్లో కాకుండా పక్క పట్టణంలో సమావేశానికి వెళ్లండి. బొబ్బిలివారు విజయనగరం, విజయనగరంవారు విశాఖపట్నం వెళ్లడంలో తప్పేమీ లేదు. లోపల ఇంటిపేరు, కులం, ఉద్యోగం చెప్పనక్కర లేదు. ఫోన్‌లో నంబర్లు మీకు గుర్తుండే వేరే పేరుతో దాచుకోండి. వాట్సాప్ గ్రూపులో చేర్చే ముందు మీ నంబరు అందరికీ కనిపిస్తుందని గుర్తుంచుకుని, ఇష్టం లేకపోతే చేర్చవద్దని చెప్పండి. ఇక లోపల మీ వీధివాడే, మీ పిల్లవాడి మాస్టారే ఎదురుపడితే? ఆయన అక్కడికి వచ్చిన కారణమూ మీదే. అక్కడ చూసిన మనిషిని, విన్న మాటను బయట ఎత్తకూడదన్నది అందరూ పాటించే కట్టుబాటు. మీరూ పాటించాలి, ఇంట్లో భార్యతో కూడా ‘ఫలానా ఆయన కనిపించాడు’ అనకూడదు.

మరొక అనుమానం కూడా తరచూ వస్తుంది. అద్దె తక్కువ కనుకనో, గది సులువుగా దొరుకుతుంది కనుకనో చాలాచోట్ల సమావేశాలు చర్చి ఆవరణల్లో, బడి గదుల్లో జరుగుతాయి. చర్చి గేటు చూసి మతంలో కలిపేస్తారేమోనని వెనక్కి తగ్గేవారున్నారు. ఏఏకు ఏ మతంతోనూ, పార్టీతోనూ, సంస్థతోనూ సంబంధం లేదు. మెట్లలో దైవం ప్రస్తావన ఉంది గాని, ఎవరికి తోచిన రూపంలో వారు అనుకోవచ్చు. పైడితల్లి అమ్మవారిని తలచుకునేవారూ, ఏ దేవుడినీ తలవనివారూ ఒకే వరుసలో కూర్చుంటారు.

లోపల ఏం జరుగుతుంది

పదిహేను నిమిషాలు ముందుగా వెళ్లండి. కుర్చీలు వేసే వేళకు చేరితే పని చేతిలో ఉంటుంది, పనిలో ఉన్న మనిషిని ఎవరూ ప్రశ్నలు వేయరు. ఎవరో ఒకరు టీ ఫ్లాస్కు పట్టుకొస్తారు, మరొకరు గోడకు పన్నెండు మెట్ల పటం తగిలిస్తారు. సమయానికి ఒక సభ్యుడు నడిపించడం మొదలుపెడతాడు. క్షణం మౌనం, ఏఏ అంటే ఏమిటో చెప్పే చిన్న పరిచయ వాక్యం, మార్చలేనివాటిని ఒప్పుకునే నెమ్మదినీ మార్చగలిగినవాటిని మార్చే ధైర్యాన్నీ కోరే ప్రార్థన. ఆ తరువాత ఒక్కొక్కరు మాట్లాడతారు. దీన్ని షేరింగ్ అంటారు. ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి, తాగిన రోజుల్లో ఎలా ఉండేది, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉంది అన్నవి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహా ఇవ్వరు, తీర్పు చెప్పరు. పెద్దమనుషుల పంచాయితీకి అలవాటుపడిన మనకు ఇది మొదట్లో వింతగా ఉంటుంది.

మీ వంతు వస్తే ‘ఈరోజు వింటానండి’ అంటే సరిపోతుంది. చెప్పాలనిపిస్తే రెండు మాటలు చెప్పండి. చివర్లో డబ్బా తిరుగుతుంది. ఖర్చులకు సభ్యులే వేసుకునే చందా అది, కొత్తవారు వేయనక్కర లేదు. ఆరోజు తాగి ఉన్నా రావచ్చు, కాకపోతే మాట్లాడకుండా వినమని అడుగుతారు. గొడవ చేస్తే బయటకు పంపుతారు, మరుసటివారం మళ్లీ రమ్మంటారు.

సమావేశం కాగానే చెప్పులేసుకుని పారిపోకండి. నా దృష్టిలో ఆ గంటన్నర ఎంత ముఖ్యమో, ఆ తరువాత టీ తాగుతూ నిలబడే పది నిమిషాలూ అంతే ముఖ్యం, ఎందుకంటే ఫోన్ నంబర్లు దొరికేది అప్పుడే. కనీసం ఇద్దరి నంబర్లు తీసుకుని, మరుసటి రోజే ఏ కారణం లేకపోయినా ఒకసారి ఫోన్ చేయండి. బాగున్నప్పుడు ఫోన్ చేయడం అలవాటైతేనే, గొంతు ఎండి చేయి లాగుతున్న సాయంత్రం ఆ నంబరు నొక్కగలుగుతారు.

మొదటి సమావేశం నచ్చకపోవచ్చు. ఒకరు అదేపనిగా మాట్లాడి ఉండవచ్చు, వచ్చినవారు నలుగురే ఉండవచ్చు, మీ కథకూ వారి కథకూ పొంతన లేదనిపించవచ్చు. ఆరుసార్లయినా వెళ్లాకే నిర్ణయించుకోండి. వీలైతే రెండు వేర్వేరు బృందాలు చూడండి. కొన్నాళ్లకు, మీకంటే ముందు మానినవారిలో ఎవరి మాట మీకు ఆనుతుందో చూసుకుని, తనను స్పాన్సర్‌గా ఉండమని అడగండి. మగవారు మగవారినే, ఆడవారు ఆడవారినే అడగడం ఆనవాయితీ. స్పాన్సర్ మెట్లలో మీకు తోడు నడిచేవాడు; అప్పు ఇచ్చేవాడూ కాదు, ఉద్యోగం చూపించేవాడూ కాదు. తాగుడు సమస్య ఉన్న ఆడవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు, వారికి మగవారితో నిండిన గది ఇబ్బందిగా ఉంటే ఆడవారికి మాత్రమే జరిగే ఆన్‌లైన్ సమావేశాల గురించి ఫోన్‌లోనే అడగవచ్చు.

ముందే చూసుకోవలసిన రోజులు

కొత్తగా మానినవారు తమ క్యాలెండరులో ప్రమాదపు రోజులను ముందే గుర్తుపెట్టుకోవాలి. మిల్లుల్లో బటవాడా రోజు, వారపు సంత, సంక్రాంతిలో కనుమ, ముక్కనుమ, ఊరి అమ్మవారి సంబరం, బంధువుల పెద్దకర్మ నాటి భోజనం. ఆ రోజుల్లో సమావేశం ఉందేమో చూసుకోండి, లేకపోతే ఎవరికి ఎన్నింటికి ఫోన్ చేయాలో ముందురోజే మాట్లాడి పెట్టుకోండి. బటవాడా డబ్బు ఇంటికి చేరే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు: గేటు దగ్గరకు భార్యో అన్నయ్యో రావడమో, ఖాతాలో వేయించుకోవడమో.

అయ్యప్ప మాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన సాయంత్రమే సీసా తెరిచినవారు మనకు కొత్త కాదు. దీక్ష పనికిరాదని నేను అనను. ఆ నలభై ఒక్క రోజులు నియమం, గుంపు, వేళకు భోజనం, వేళకు నిద్ర అన్నీ కట్టుదిట్టంగా ఉంటాయి. మాల తీశాక అవన్నీ ఒక్కరోజులో పోతాయి. అందుకని దీక్షలో ఉండగానే సమావేశాలకు వెళ్లడం మొదలుపెట్టండి, మాల తీసే రోజుకు పరిచయాలు ఉంటాయి. నల్లబట్టలతో వెళితే ఎవరూ ఏమీ అనరు. రోజూ ఎక్కువగా తాగేవారు మాల వేసుకునే ముందు డాక్టరును కలవాలన్నది మాత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మధ్యలో తాగేస్తే, తరువాతి సమావేశానికే వెళ్లి ఆ మాట చెప్పండి. ఎవరూ పేరు కొట్టేయరు. రోజులు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారు.

ఇంటివారు

తాగే మనిషి రాకపోయినా అతని భార్య వెళ్లవచ్చు. తాగేవారి కుటుంబాలకు అల్-అనాన్ అని వేరే సమావేశాలు 1951 నుంచి ఉన్నాయి. మొగుడి చేత మాన్పించే ఉపాయాలు అక్కడ చెప్పరు. అతని సీసాలు వెతకడం, అతని తరఫున యజమానికి అబద్ధాలు చెప్పడం, అప్పులు తీర్చడం వీటి నుంచి తాను ఎలా బయటపడాలో మాట్లాడుకుంటారు. ఇంట్లో కొట్టడం ఉంటే సమావేశం కోసం ఆగకుండా మహిళా సహాయవాణి 181కి గాని, 112కు గాని ఫోన్ చేయాలి.

దగ్గర్లో సమావేశమే లేకపోతే

తాగుడు మానడం కోసం ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, వేరే ఏ సంస్థకూ అనుబంధంగా లేనంతవరకు, తమను ఏఏ బృందమని చెప్పుకోవచ్చని ఏఏ సంప్రదాయమే అంటుంది. అనుమతి పత్రం, రిజిస్ట్రేషన్ అక్కర లేదు. అయితే మీరు ఒక్కరే ఉత్సాహపడి మొదలుపెట్టకుండా, విశాఖపట్నంలోనో మరెక్కడో కొన్ని నెలలు వెళ్లి పద్ధతి తెలుసుకోండి. అక్కడ మీ వైపు వారిని ఒకరిద్దరిని కూడగట్టుకుని, మొదటి కొన్ని వారాలు పాత సభ్యులెవరైనా వచ్చి కూర్చునేలా అడగండి. గది ఉచితంగా ఇస్తామన్నా ఎంతో కొంత అద్దె ఇవ్వండి, లేకపోతే గది ఇచ్చినవారి మాట చెల్లుబాటు మొదలవుతుంది. సర్పంచి గారి హాలు, పార్టీ ఆఫీసు, వైద్యశాల యజమాని గది తీసుకోకపోవడమే మేలు. బస్సు దిగి నడిచి రాగల దూరంలో, పక్కన మద్యం దుకాణం లేని చోటు చూడండి.

ఏ రోజో, ఏ వేళో ఒకసారి నిర్ణయించాక పండగొచ్చినా వానొచ్చినా మార్చవద్దు. వారాల తరబడి ఒక్కరే గది తెరిచి కూర్చోవలసి రావచ్చు; ఆ వేళ ఏఏ పుస్తకం తీసి ఒక మెట్టు చదువుకుని, పూర్తి సమయం కూర్చుని తాళం వేయండి. ఆసుపత్రి కౌన్సెలర్‌కు, ఊళ్లో ఏఎన్‌ఎంకు, మందుల దుకాణంలో తెలిసినవారికి రోజు, వేళ, ఫోన్ నంబరు రాసిన చీటీ ఇచ్చి ఉంచండి. ఇద్దరికి మించి క్రమంగా వస్తున్నారని కుదురుకున్నాక ముంబై కార్యాలయానికి తెలియజేసి జాబితాలో ఊరి పేరు చేర్పించండి, ఆ ఫోన్ నంబరు మారిన రోజే వారికి చెప్పి మార్పించండి.